ముందు రిజిస్టరు, తర్వాతే మ్యూజియం

సంపాదకుడు గారికి,

అయ్యా,

చిన్న పట్టణాల్లో చరిత్ర సంఘాలు నిలబడాలని, వలస వచ్చి ఊరు కట్టుకున్న తొలి తరాల బతుకును భద్రపరచాలని మీరు రాసిన సంపాదకీయంతో ఏకీభవిస్తున్నాం. కానీ అందులో మాటంతా భవనం, అద్దాల బీరువాల చుట్టూనే తిరిగింది. విరాళాలూ అక్కడికే పోతాయి. ప్రారంభోత్సవం అయ్యాక వస్తువుల జాబితా రాయడానికి డబ్బూ మిగలదు, ఓపికా మిగలదు.

ఒక నాగలిని ఎవరు, ఎక్కడ, ఏ కాలంలో వాడారో తెలియకపోతే అది పాత ఇనుమే. అందుకే వస్తువు గుమ్మం దాటిన రోజే దానికి నంబరు పడాలి. 2025.7.3 అంటే 2025లో వచ్చిన ఏడో విరాళంలో మూడో వస్తువు. ఇచ్చినవారు, వాడినవారు, దొరికిన చోటు, అప్పటికే ఉన్న పగుళ్లు, ఈ వివరాలు ఎవరు చెప్పారన్నది అన్నీ చేర్పు రిజిస్టరులో, అంటే వచ్చిన ప్రతి వస్తువునూ నమోదు చేసే పుస్తకంలో, ఎక్కాలి. సంతకంతో దానపత్రం కూడా తీసుకోవాలి. ‘మీ దగ్గరే ఉంచండి’ అన్న నోటిమాట మీద తీసుకున్నవాటి కోసమే తర్వాత వారసులు వచ్చి నిలదీస్తారు. శాశ్వతంగా అరువిస్తామంటే మర్యాదగా వద్దనడం మేలు. బాగు చేయించే ఖర్చు సంఘానిది, హక్కు మాత్రం వాళ్లది. ఆ మాటకొస్తే పదో కుట్టుమిషన్‌నూ వద్దనవచ్చు. కుట్టుమిషన్లు ప్రతి సంఘంలోనూ ఉంటాయి. కూలి మనిషి వేసుకున్న చొక్కా మాత్రం ఎక్కడా కనిపించదు.

నంబరు వేయడానికి స్టిక్కర్లు పనికిరావు. చీటీ ఊడిపోతుంది, జిగురు మరక మిగులుతుంది. లోహం, పింగాణీ వంటివాటి మీద కనబడని చోట పారలాయిడ్ బి-72 అనే పారదర్శక యాక్రిలిక్ పూతను పలుచగా పూసి, ఆరాక సిరాతో నంబరు రాసి, పైన మరో పూత వేయాలి. కావాలంటే అసిటోన్‌తో తుడిచేయవచ్చు. బట్టలకైతే నంబరు రాసిన నూలు పట్టీని రెండు కుట్లతో కుట్టాలి. ఫొటో వెనక అంచున మెత్తని పెన్సిల్‌తో రాయాలి. బాల్‌పెన్ నొక్కు ముఖం మీదికి తేలుతుంది. తుప్పును వైరు బ్రష్‌తో గీకి మెరిపించడం మరో దురలవాటు. తుప్పుతోపాటు కమ్మరి గుర్తూ, పాత రంగూ పోతాయి.

కాగితాలకు ఎక్కువ హాని చేసేది ప్రేమే. చిరిగిన దస్తావేజుకు సెల్లోటేపు అంటిస్తారు, మంచిదాన్ని లామినేషన్ చేయిస్తారు. టేపు జిగురు కాగితంలోకి ఇంకి పసుపు మరకవుతుంది. వేడితో అతికిన ప్లాస్టిక్‌ను కాగితం చెడకుండా ఊడదీయడం దాదాపు అసాధ్యం. పిన్నులు తీసి, ఆమ్లం లేని కవర్లో పెట్టి, బయటి గోడకు దూరంగా, నేలకు కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున ఉంచితే చాలు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉండాలి. తరచూ పెరిగి తగ్గడమే ఎక్కువ నష్టం. పురుగు పట్టిన పుస్తకాలను పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీల్లో కనీసం వారం ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజంతా విప్పకూడదు, విప్పితే చెమ్మ పడుతుంది. గాజు నెగెటివ్‌లను మాత్రం ఈ పద్ధతికి దూరంగా ఉంచాలి.

పాత ఇంటినే మ్యూజియం చేసేవారికి ఒక్క మాట. పచ్చి ఇటుక గోడకు సిమెంటు పూయకండి. లోపలి తడి బయటికి పోలేక, పూత చెక్కుచెదరకుండానే వెనక గోడ అడుగు నుంచి కరిగిపోతుంది.

ఊరి చరిత్ర ఊళ్లోనే ఉంటుందనుకోవడమూ పొరపాటు. ఉదాహరణకు, అమెరికాలో స్థిరపడేవారికి ప్రభుత్వ భూమి ఇచ్చిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు పొందాలంటే అయిదేళ్లు కాపురముండి, సాగు చేసి, ఇద్దరు సాక్షులతో రుజువు చేసుకోవాల్సి ఉండేది. ఆ ఫైళ్లు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇల్లెంత, ఎన్ని ఎకరాలు దున్నారు, ఏం పండించారు అన్న వివరాలు వాటిలో దొరుకుతాయి. 1890 జనాభా లెక్కల పత్రాలు మాత్రం 1921 అగ్నిప్రమాదం తర్వాత దాదాపు మిగల్లేదు. ఆ లోటు తీర్చేవి చర్చి రిజిస్టర్లు, పన్ను జాబితాలు, స్థానిక పత్రికలే. ఆ నేల అంతకుముందు ఏ ఆదివాసులదో కూడా రాసిపెట్టాలి. లేకపోతే ఊరు ఖాళీ భూమి మీద పుట్టినట్టే కనబడుతుంది.

పెద్దల మాటలు రికార్డు చేసేటప్పుడు పాత ఫొటో ముందుంచి అడగండి, పేర్లు వాటంతటవే వస్తాయి. రికార్డింగును 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV) ఆడియో ఫైలుగా దాచాలి. మూడు ప్రతులు చేసి, అందులో ఒకటి వేరే భవనంలో ఉంచాలి. వాడుకోవడానికి అనుమతిపత్రం ఆరోజే రాయించుకోవాలి.

చివరగా మీకే ఒక విన్నపం. చాలా ఊళ్ల విషయాల్లో వరుస తప్పని రికార్డు పత్రిక పాత సంపుటాలే. న్యూస్‌ప్రింట్ పెళుసెక్కి, మడత దగ్గరే విరుగుతుంది. మీ దగ్గరున్న సంపుటాలను స్కాన్ చేసుకోవడానికి చరిత్ర సంఘాలను అనుమతించండి. బైండింగు ఊడుతున్నవాటితో మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
స్థానిక చరిత్ర రికార్డుల సంరక్షణలో ఉన్న కొందరు పాఠకులు