ప్రాథమిక తరగతుల తాడాట కార్యక్రమం: కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభకు వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. రాని సభ్యులకు కూడా నమస్కారమే. నివేదిక కాపీ వాళ్లకూ అందుతుంది.

మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి మళ్లీ చదవను. గత సర్వసభ్య సమావేశం తీర్మానం ప్రకారం ఈ ఏడాది ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఆటల పీరియడ్లలో స్కిప్పింగ్ నేర్పించాం. అన్ని ఆటలుండగా ఇదే ఎందుకని అప్పుడు కొందరు అడిగారు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలనీ, వారానికి కనీసం 3 రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే కసరత్తు కూడా కావాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తాడాటలో ఈ రెండూ కలిసే వస్తాయి. పైగా ఏ జట్టూ పిలవని పిల్లవాడు కూడా తన తాడు తాను పట్టుకుని ఆడుకోగలడు. మా దృష్టిలో అసలు కారణం ఇదే.

ముందు తాళ్ల సంగతి. పలచటి నూలు తాళ్లను మొదటి వారంలోనే పక్కన పెట్టేశాం. బరువు లేక పైకి లేచీ లేవగానే ముడుచుకుపోతాయి. పూసల తాడు అలా కాదు. గుండ్రంగా తిరుగుతుంది, నేలకు తగిలినప్పుడు టక్కుమని వినిపిస్తుంది, ఆ చప్పుడుకే పిల్లలు లయ పట్టుకుంటారు. తాడు మధ్యలో కాలు పెట్టి నిలబడితే పిడులు చంకల దాకా రావాలి. చిన్న తరగతులకు 7 అడుగులది, పెద్ద తరగతులకు 8 అడుగులది దాదాపుగా సరిపోయింది. పొడవు ఎక్కువైతే పిడి కిందే ఒక ముడి వేశాం. చేతికి చుట్టుకోనివ్వలేదు, చుట్టుకుంటే మణికట్టు తిరగదు. సైజును బట్టి పిడులకు రంగు టేపులు అంటించిన సభ్యురాలికి ప్రత్యేక ధన్యవాదాలు. ఆ టేపులే లేకపోతే సగం పీరియడ్ తాళ్లు వెతుక్కోవడానికే పోయేది.

ఒకటో తరగతి పిల్లల చేతికి నేరుగా తాడు ఇవ్వలేదు. ముందు నేల మీద గీతకు అటూ ఇటూ గెంతించాం. తర్వాత ఇద్దరు పిల్లలు తాడును నేల మీద పాములా ఆడిస్తుంటే మిగతావాళ్లు తగలకుండా దాటాలి. ఈ ఆటను ఎంతసేపు ఆడినా వదలరు. ఆ తర్వాత రెండు పిడులూ ఒకే చేత్తో పట్టుకుని, తాడును పక్కన తిప్పుతూ, అది నేలను తాకినప్పుడల్లా ఒక గెంతు. ఆపైన తాడును తల మీదుగా తెచ్చి కాలివేళ్ల ముందు ఆపి, నిదానంగా దాటడం. ఇవన్నీ అయ్యాకే అసలు గెంతు. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి, తిప్పేది మణికట్టుతోనే, దిగేది మునిపాదాల మీద. నేల నుంచి అంగుళం లేస్తే చాలు. మోకాళ్లు పొట్టకు తగిలేలా ఎగిరే పిల్లలకు ఈ చివరి మాట ఎక్కించడానికే బాగా టైమ్ పట్టింది. చిన్నవాళ్లకు 20 సెకన్లు ఆట, అంతే విశ్రాంతి. ఒకరికొకరు చేతులు చాచినా తాళ్లు తగలనంత దూరం.

గెంతలేని పిల్లలున్నారు, వాళ్లను గట్టు మీద కూర్చోబెట్టలేదు. అరిగిపోయిన తాళ్లను మధ్యకు కోసి, ఒక్కో చేతికి ఒక్కో ముక్క ఇచ్చాం. కాలికి అడ్డం పడేదేమీ లేదు కాబట్టి చేతులు తిప్పుతూ లయకు కదలడమే. చక్రాల కుర్చీలో వచ్చే మూడో తరగతి బాబు పెద్ద తాడు తిప్పడంలో ఇప్పుడు అందరికన్నా నికరం. వాడు తిప్పితేనే దూకుతామని పేచీ పెట్టేవాళ్లు ఉన్నారు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది వార్షిక తాడాట దినం. ఆ రోజు ఎవరినీ అవుట్ చేయలేదు. తాడు కాలికి తగిలినవాళ్లు పక్కకు తప్పుకోవాలన్న పాత పద్ధతిలో, ఎవరికి ఆట ఎక్కువ కావాలో వాళ్లే ముందు కూర్చుండిపోతారు. అందుకే తగిలితే నవ్వుకుని వరుస చివరికి వెళ్లడం, జట్టంతా కలిపి లెక్క పెట్టడం అని నియమం పెట్టాం. 16 అడుగుల పెద్ద తాళ్లలో మొదట ఊరికే పరుగెత్తి దాటారు, తర్వాత ఒక గెంతు వేసి బయటికి, ఆ తర్వాత రెండు. నాలుగో తరగతి పాప ఒకతె తాడు పక్కన నిలబడి ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంది, లోపలికి అడుగు పడదు. తిప్పుతున్న పెద్దావిడ తొందరపెట్టలేదు. "నా భుజం పక్కకు రామ్మా. తాడు టక్కుమని నీ ముందు నుంచి వెళ్లిపోగానే దాని వెనకే పరుగెత్తు" అంది. మరో రెండు టక్కులు వదిలేసి, మూడోదానికి పాప లోపల ఉంది. ఆ కేకలు విన్నవాళ్లు ఈ సభలోనూ ఉన్నారు. చివర్లో ఐదో తరగతి వాళ్లు ఎదురెదురుగా తిరిగే రెండు తాళ్లలో డబుల్ డచ్ కూడా ప్రయత్నించారు. గెంతినవాళ్లకంటే తిప్పినవాళ్లకే ఎక్కువ చెమట పట్టింది.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఖర్చు తాళ్లకు, టేపులకు, మంచినీళ్లకు. ఆడిట్ అయింది, అభ్యంతరాలు లేవు.

ఇష్టం లేకపోయినా చెప్పాల్సినవి రెండున్నాయి. గ్రౌండ్ అనుమతి కోసం పెట్టిన అర్జీ సంబంధిత కార్యాలయంలో ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి నడుస్తూనే ఉంది. కార్యక్రమానికి ముందు రోజు సాయంత్రం దాకా మాకు ఒకటే టెన్షన్. మట్టి నేల దొరక్కపోతే సిమెంటు మీద పిల్లలను అంతసేపు గెంతించేది లేదని ముందే అనుకున్నాం. రెండోది మన ఇంటి విషయమే. వాలంటీర్లుగా పేర్లు రాయించుకున్నవారికి జాబితాలో ఒక పేజీ చాలలేదు, గ్రౌండ్‌కు వచ్చినవారికి ఒక మూల చాలింది. గ్రూపులో బొటనవేలు గుర్తు పెడితే తాడు తిరగదు. పెద్ద తాడుకు రెండు వైపులా ఇద్దరు మనుషులు ఉండాల్సిందే. తిప్పేవాళ్లు దొరక్క మూడు తాళ్లు పెట్టెలోనే ఉండిపోయాయి.

వచ్చినవారికి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పీరియడ్ ఇచ్చిన ప్రధానోపాధ్యాయులకు, ప్రతి తరగతికీ తోడు నిలిచిన వ్యాయామ ఉపాధ్యాయురాలికి, మా కంటే ముందే గేటు తీసి నేల మీది రాళ్లు ఏరించిన వాచ్‌మన్ గారికి, భుజం నొప్పి అంటూనే చివరిదాకా తాడు వదలని అమ్మమ్మలకు, ఫొటోలు తీసినవారికి, తీసి ఇంకా పంపనివారికి కూడా ధన్యవాదాలు.

వచ్చే ఏడాదికి పూసల తాళ్లు మరికొన్ని కొనాలనీ, తాడు తిప్పడంలో పెద్దలకు ఒక పూట శిక్షణ పెట్టాలనీ కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సభ ఆమోదించాలని కోరుతున్నాను. వాలంటీర్ల పత్రం బయట బల్ల మీద ఉంది. ఈసారి పేరు పక్కన ఏ వారం, ఏ పీరియడ్ అన్న గడులు కూడా ఉన్నాయి, అవి ఖాళీగా ఉంటే పేరు చేర్చుకోం.

ఇట్లు,
కార్యదర్శి