పాత థర్మల్ యూనిట్లను నడపండి, కానీ ఆ ఖర్చు విడిగా చూపండి

సంపాదకులకు,

అయ్యా,

విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి 210 మెగావాట్ల యూనిట్ 1979లోనూ, ఆరోది 1995లోనూ ఉత్పత్తి ప్రారంభించాయి. బొగ్గు కేంద్రాల ఆయుష్షును విద్యుత్ ధరలు నిర్ణయించే నియంత్రణ మండళ్లు 25 ఏళ్లుగా లెక్కిస్తాయి. ఆ లెక్కన ఈ ఆరింటిలో అన్నిటికంటే కొత్తదానికీ గడువు ఎప్పుడో తీరింది. అయితే 2030 వరకు ఏ బొగ్గు యూనిట్‌నూ మూసివేయవద్దని 2023 జనవరిలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సూచించింది. ఆ సూచనను నేను తప్పుపట్టడం లేదు. థర్మల్ కేంద్రంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఇంజనీరుగా, సూర్యుడు అస్తమించాక ఫ్యాన్లూ, ఏసీలూ, వీధి దీపాలూ ఒకేసారి లోడు పెంచినప్పుడు గ్రిడ్‌ను నిలబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. నా అభ్యంతరమల్లా, ఈ కొనసాగింపునకు వినియోగదారుడు ఎంత చెల్లిస్తున్నాడో అతనికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పకపోవడం మీదే.

పాత కేంద్రం చవక అనే మాటలో కొంత నిజం ఉంది. పెట్టిన పెట్టుబడి దాదాపు వసూలైపోయింది కనుక స్థిర చార్జీలు కొత్త కేంద్రాల కంటే తక్కువగా ఉంటాయి. కానీ ఆ మాట చెప్పేవారు బాయిలర్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. 210 మెగావాట్ల యూనిట్ రోజంతా పూర్తి లోడుతో నడిస్తే 50 లక్షల యూనిట్లకు పైగా కరెంటు వస్తుంది. అందులో బాయిలర్‌కు నీరు తోసే ఫీడ్ పంపులకూ, ఫ్యాన్లకూ, బొగ్గు మిల్లులకూ పోయేది ఈ తరగతి యంత్రాలకు కేంద్ర నియంత్రణ మండలి ప్రమాణాల ప్రకారమే ఎనిమిదిన్నర శాతం ఉంటుంది. ఆవిరితో తిరిగే ఫీడ్ పంపులున్న పెద్ద యూనిట్లకు అది ఆరు శాతం లోపే. ఈ తేడా ఒక్కటే రోజుకు లక్షా ముప్పై వేల యూనిట్ల పైమాటే. ఇక బొగ్గు సంగతి. అదే ఆవరణలో 2023లో వచ్చిన 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్‌తో (ఎక్కువ పీడనంతో నడుస్తూ తక్కువ బొగ్గు తినే రకం) పోల్చి, యూనిట్ కరెంటుకు 250 కిలోక్యాలరీల ఉష్ణమే అదనంగా కావాలనుకున్నా, కిలోకు 3,500 కిలోక్యాలరీలిచ్చే బొగ్గు రోజుకు 360 టన్నులు ఎక్కువ కాల్చాలి. ఆ బొగ్గు ధర, రవాణా చార్జీ, మిగిలే బూడిదను తరలించే ఖర్చు అన్నీ చివరికి చేరేది మన బిల్లులోకే.

బిల్లులో అది ఎక్కడా పాత యూనిట్ ఖర్చు అని కనిపించదు. ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు అనే ఒకే పద్దులో కలిసిపోతుంది. యూనిట్‌కు 40 పైసల వరకు ఈ మొత్తాన్ని నెలనెలా వసూలు చేసుకునే వీలు డిస్కంలకు (కరెంటు పంపిణీ సంస్థలకు) ఆంధ్రప్రదేశ్ నియంత్రణ మండలి ఇచ్చింది. మిగిలినది తర్వాత ట్రూఅప్, అంటే అసలు ఖర్చు తేలాక వసూలు చేసే తేడా, పేరుతో వస్తుంది. అందులో బొగ్గు ధర పెరగడం వల్ల పడినది ఎంత, యంత్రం పాతబడడం వల్ల పడినది ఎంత అన్నది బిల్లు చూసి తెలుసుకునే మార్గం లేదు.

సరఫరా భరోసా విషయం ఇంకా సూక్ష్మమైనది. కాగితం మీద ఈ ఆరు యూనిట్లకూ కలిపి 1,260 మెగావాట్లు ఉన్నంత మాత్రాన ఏప్రిల్ నెల రాత్రి ఏడున్నరకు అన్నీ అందుతాయన్న హామీ లేదు. బాయిలర్ ట్యూబు ఒకటి లీకైతే యూనిట్‌ను ఆపి, చల్లారనిచ్చి, వెల్డింగ్ చేసి, పరీక్షించి మళ్లీ వెలిగించడానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో విద్యుత్ ఎక్స్ఛేంజీలో (కరెంటు కొని అమ్మే మార్కెట్‌లో) యూనిట్ పది రూపాయల గరిష్ఠ ధరకు కొనవలసి వస్తే, ఆ భారమూ సర్దుబాటులోకే వెళ్తుంది. పైగా ఇప్పుడు పగలు సౌర విద్యుత్ ఎక్కువగా ఉన్నందున ఈ యంత్రాలను మధ్యాహ్నం తగ్గించి సాయంత్రం పెంచుతున్నారు. ఒకే లోడు మీద నిలకడగా నడవడానికి తయారైన బాయిలర్‌ను రోజూ ఇలా వేడెక్కించి చల్లారిస్తే లోహం అలసిపోతుంది, లీకులు పెరుగుతాయి. భరోసా కోసం అట్టిపెట్టుకున్న యూనిట్ ఆ భరోసానే దెబ్బతీసే పరిస్థితి ఇలా వస్తుంది.

మూసివేత అసాధ్యమేమీ కాదు. కొత్తగూడెంలో 720 మెగావాట్ల పాత యూనిట్లను 2020 నాటికి దశలవారీగా ఆపేశారు. అంతకుముందే, 2018లో, అక్కడ 800 మెగావాట్ల ఏడో దశ సిద్ధమైంది. ప్రత్యామ్నాయం ముందు, మూసివేత తర్వాత అన్న ఆ వరుసే ముఖ్యం. ఇబ్రహీంపట్నంలో ఆ 800 మెగావాట్ల ఎనిమిదో యూనిట్ వచ్చినా, పాతవాటిని ఆపే తర్వాతి అడుగు మీద బహిరంగ చర్చ జరగాల్సినంతగా జరగలేదు.

కాబట్టి నియంత్రణ మండలి వచ్చే టారిఫ్ విచారణలో ఈ ఆరు యూనిట్ల లెక్కలను యూనిట్ల వారీగా, తెలుగులో, ప్రజల ముందు పెట్టించాలని కోరుతున్నాను. గత మూడేళ్లలో ఒక్కొక్కటి సాయంత్రం పీక్ (వాడకం గరిష్ఠంగా ఉండే) వేళల్లో ఎన్ని గంటలు నిజంగా అందుబాటులో ఉంది, ఎన్నిసార్లు ట్రిప్ అయింది (ఉన్నట్టుండి ఆగిపోయింది), అప్పుడు బయట కొన్న కరెంటుకు ఎంత అయింది అన్నవి అందులో ఉండాలి. వీటిలో ఏవైనా రిజర్వుగా తప్పనిసరి అనుకుంటే వాటి పేర్లు, గడువు ప్రకటించి, ఆ ఖర్చును బిల్లులో వేరే వరుసలో చూపాలి. ఆధునికీకరణకు కొత్తగా కోట్లు అడిగితే, అదే సొమ్ముతో బ్యాటరీలో, పంప్డ్ స్టోరేజీలో (నీటిని పైకి తోడి నిల్వచేసి, అవసరమైనప్పుడు వదిలి కరెంటు తీసే పద్ధతి) సాయంత్రం పూట నాలుగు గంటల పాటు ఎంత విద్యుత్ దొరుకుతుందో పక్కపక్కన పోల్చి చూపిన తర్వాతే అనుమతి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత విద్యుత్ ఇంజనీరు,
కొండపల్లి