స్టిక్ అంటే అంటుకోవడం కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మూలకాల పేర్ల మీద మీ సైన్స్ పేజీలో వచ్చిన వ్యాసం బాగుంది, కానీ నైట్రోజన్‌ని జర్మన్‌లో ష్టిక్‌ష్టోఫ్ అంటారని చెప్పి దానికి 'అంటుకునే పదార్థం' అని అర్థం రాసేశారు, అక్కడే పప్పులో కాలేశారు. ఇంగ్లిష్ స్టిక్‌కున్న అంటుకునే అర్థం దీనికి లేదు. ఎర్‌ష్టికెన్ అంటే జర్మన్‌లో ఊపిరాడకపోవడం, ష్టోఫ్ అంటే పదార్థం, రెండూ కలిపితే మన భాషలో ఉక్కిరిబిక్కిరి చేసేది అన్నమాట. (ష్టికెన్ అంటే కుట్టుపని, ష్టోఫ్ అంటే బట్ట అని కూడా అర్థాలున్నాయి, ఎంబ్రాయిడరీ బట్ట అని రాయలేదు, నయం!)

గాలిలో 78 శాతం దాకా ఇదే ఉన్నా, ఇదొక్కటే ఉన్నచోట దీపం ఆరిపోతుంది, ప్రాణి బతకదు. 1772లో డేనియల్ రూథర్‌ఫర్డ్ దీన్ని వేరు చేసినప్పుడు చూసింది కూడా ఇదే. ఫ్రాన్స్‌లో లవోయిజర్ వాళ్లు గ్రీకు నుంచి అజోట్ అన్నారు, ప్రాణం లేనిది అని. 1790లో షాప్టాల్ మాత్రం నైటర్, అంటే సురేకారం, దాన్ని పుట్టించేది కాబట్టి నైట్రోజన్ అన్నాడు, మన నత్రజని ఈయన దారిలో వచ్చిందే, జర్మన్ వాళ్లేమో ఊపిరాడని దారిలోనే ఉండిపోయారు.

మిగతా రెండిటికీ ఈ తేడా లేదు చూడండి. హైడ్రోజన్ వాళ్లకి వాసర్‌ష్టోఫ్, నీటి పదార్థం, మనకి ఉదజని. ఆక్సిజన్ వాళ్లకి జావర్‌ష్టోఫ్, పులుపు పదార్థం, మనకి ఆమ్లజని. అసలు ఆమ్లాలన్నిట్లో ఆక్సిజన్ ఉంటుందని లవోయిజర్ అనుకోబట్టి ఆ పేరొచ్చింది, 1810లో డేవీ క్లోరిన్ మూలకమని తేల్చాక హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదని బయటపడింది, అయినా పేరు మార్చలేదు, తప్పుని మూడు భాషలూ అలాగే మోస్తున్నాయి.

వ్యాసంలో కార్బన్ డయాక్సైడ్ ఊసే లేదు, నాకు భలే ఇష్టమైంది అదే. జర్మన్ వాళ్లు మామూలు మాటల్లో దాన్ని కోలెన్‌జోయిరె అంటారు, కోలె అంటే బొగ్గు, జోయిరె అంటే ఆమ్లం, పులుపు. మన పాత పుస్తకాల్లో బొగ్గుపులుసు గాలి అని ఉండేది కదా, అచ్చం అదే!

ష్టిక్‌ష్టోఫ్‌కి మాత్రం వచ్చే వారం చిన్న సవరణ వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు