బొమ్మలు చూడటం టైం వేస్ట్ కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ పేపర్లో, డాక్టరీ చదివే పిల్లల్ని ఫారిన్‌లో మ్యూజియంకి తీసకపోయి పెయింటింగులు చూపిస్తున్నారని చిన్న వార్త వేశారు. రెండు రోజులు తిరక్కుండానే ఒకాయన ఇదే కాలమ్‌లో, బొమ్మలు చూస్తే రోగాలు తగ్గుతాయా, ఉన్న సిలబస్సే అయిపోక చస్తుంటే ఇదొకటా, టైం వేస్ట్ అని రాశారు. ఆ రోజే జవాబు రాయాల్సింది, మా ఆవిడ్ని ఆస్పత్రికి తిప్పడంతో ఇన్ని రోజులు పట్టింది.

ఆ ఆస్పత్రి సంగతే ముందు చెప్తాను. రెండు నెలలుగా నీరసం అంటుంటే మూడుసార్లు తీసకపోయినా. మూడుసార్లూ డాక్టర్ గారు కంప్యూటర్ చూస్తూనే నాలుగు ప్రశ్నలు అడిగి మాత్రలు రాశారు, చెయ్యి పట్టుకుని చూసింది లేదు. చివరికి కనిపెట్టింది ఎవరో తెలుసా, మా వీధికి వచ్చే గాజులామె. "ఏందమ్మా, నీకు ఎప్పుడూ రెండుంబావు గాజులే కదా, ఈ రోజు పిడికిలి దగ్గరే ఆగిపోతున్నాయి, మొహం కూడా ఉబ్బినట్టుండాది" అనింది. అప్పుడు వేరేచోట పరీక్షలు చేయిస్తే కిడ్నీల్లో తేడా బయటపడింది. గాజులామె ఏం చదివిందండీ? ఇరవై ఏళ్ళుగా చేతులు చూస్తోంది, అంతే.

నేను ముప్పై ఏళ్ళకి పైగా డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ చూసే విద్య గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటా. రవివర్మ శకుంతల బొమ్మ మన ఇళ్ళల్లో క్యాలెండర్ల మీద చూడనోళ్ళు లేరు. అది గోడకి తగిలించి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, ఊరికే చూడండి అనేవాణ్ణి. తర్వాత ఏం కనపడింది అంటే అందరూ కాల్లో ముల్లు గుచ్చుకుంది సార్ అనేవాళ్ళు. ఒకసారి వెనక బెంచీలో ఒక పిల్లోడు లేచి, "ముల్లు గుచ్చుకుంటే కాలు చూసుకోవాలి కదా సార్, ఆమె వెనక్కి చూస్తోంది" అన్నాడు. ఆ బొమ్మలో ఉన్న కథంతా అదే, ముల్లు ఒక సాకు, ఆమె చూపు దుష్యంతుడి కోసం. ఏం చూసి ఆ మాట అంటున్నావు అని అడిగితే కారణం చెప్పాలి, అదీ అసలు పాఠం. ఇంకో రోజు ఒకడు బొమ్మ చూసి చెప్తుంటే, రెండోవాడు అటు తిరిగి కూర్చుని విని గీయాలి. "చెట్టు పక్కన మనిషి" అంటే ఏ పక్క, ఎంత దూరం, నిలబడ్డాడా కూర్చున్నాడా? రెండోవాడి కాగితం చూస్తే మొదటివాడు ఎంత సరిగ్గా చెప్పాడో తెలిసిపోతుంది. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ పెద్ద డాక్టర్‌కి ఫోన్లో పేషెంట్ పరిస్థితి చెప్పేదీ ఇదే పని కదండీ.

ఆ పాఠకుడికి రుజువులు కావాలంటే ఉన్నాయి. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో బ్రేవర్‌మన్ అనే చర్మవ్యాధుల ప్రొఫెసర్ మెడికల్ స్టూడెంట్లని ఆర్ట్ మ్యూజియంకి తీసకపోయి, పెయింటింగ్‌లో కనపడింది కనపడినట్టు చెప్పించాడు, ఆ ఫలితాలు 2001లోనే అక్కడి పెద్ద వైద్య పత్రికలో వచ్చాయి. ఫిలడెల్ఫియాలో 36 మంది ఫస్టియర్ పిల్లల్లో సగం మందికి గంటన్నర చొప్పున ఆరు క్లాసులు మ్యూజియంలో పెట్టారు. వెళ్ళనోళ్ళ కంటే వెళ్ళొచ్చినోళ్ళు రోగుల కళ్ళ ఫోటోలు చూసి లక్షణాలు బాగా పట్టుకున్నారు. మొత్తం తొమ్మిది గంటలండీ, దానికి సిలబస్ ఏమీ కూలిపోదు.

మన దగ్గరా 2019 నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో ఎట్లా మాట్లాడాలో నేర్పడానికి ఎట్‌కామ్ అని పెట్టారు. చదివే మా బంధువుల అమ్మాయిని అడిగితే, స్లైడ్లు చూపిస్తారు తాతయ్యా, సంతకాలు పెట్టి వచ్చేస్తాం అనింది. కాగితం మీద అన్నీ ఉంటాయి మనకి. స్కూళ్ళలోనూ అంతే, టైంటేబుల్లో డ్రాయింగ్ పీరియడ్ ఉంటుంది, డిసెంబర్ వచ్చిందంటే "మాస్టారూ, మీదేముందిలే, లెక్కలకి ఇచ్చేయండి" అంటారు, నా సర్వీసంతా ఈ మాట పడీ పడీ విసిగిపోయాను. రిటైరైన డ్రాయింగ్ మాస్టారి పోస్టు ఖాళీగా ఉంటే అడిగే అధికారీ లేడు. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైన పిల్లలు ఫ్లెక్సీ షాపుల్లో పని చేసుకుంటున్నారు.

మ్యూజియం లేదుగా అంటారేమో. భైరవకోన లేదా? ఒకే కొండలో తొలిచిన ఎనిమిది గుడులు, గుమ్మాల పక్కన ద్వారపాలకులు. మనోళ్ళు జలపాతం దగ్గర ఫోటోలు దిగి, గుడులన్నీ పావుగంటలో తిరిగేసి బస్సెక్కేస్తారు. ఒక్క ద్వారపాలకుడి ముందు పది నిమిషాలు నిలబెట్టి, బరువు ఏ కాలి మీద ఉంది, చెయ్యి దేని మీద ఆనించాడు, రెండో పక్కనున్నోడికీ ఇతనికీ తేడా ఏంది అని అడగండి. అట్లా చూడటం అలవాటైన పిల్లోడు రేపు ఫ్లోరైడ్ నీళ్ళున్న కనిగిరి వైపు నుంచి వచ్చిన మనిషి నోరు తెరవగానే పళ్ళ మీద గోధుమరంగు చారలు చూసి, నీళ్ళు యాడివి తాగుతున్నారు అని తనంతట తనే అడుగుతాడు.

నెల్లూరు, ఒంగోలు మెడికల్ కాలేజీల వాళ్ళు నెలకి ఒక్క గంట ఇస్తే చాలు. శకుంతల క్యాలెండర్ ఇంకా నా దగ్గరే ఉంది, అంచులు చిరిగితే అట్టకి అంటించి పెట్టుకున్నా. ఎవరు పిలిచినా అది చంకన పెట్టుకుని వస్తాను, బస్సు చార్జీలు కూడా అడగను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
కావలి.