తడిసిన పుస్తకాలు ఆరాయి: పర్లాకిమిడి నుంచి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి గ్రంథాలయం మళ్లీ మామూలుగా నడుస్తోంది. వెనక గదికి కొత్త రేకులు పడ్డాయి. మే నెల గాలివానకి తడిసిన పుస్తకాల్లో చాలామటుకు తిరిగి బీరువాల్లోకి చేరాయి. సాయం చేసినవాళ్లలో కొందరి ఇళ్లకు వెళ్లి చెప్పాం, కొందరికి ఫోన్ చేశాం. అయినా అందరి ముందూ చెప్పవలసింది ఉండిపోయిందనిపించి ఇది రాస్తున్నాను. పేర్లు వేయొద్దని ఎక్కువమంది అన్నారు కాబట్టి పనిని బట్టే చెబుతాను. ఎవరి సంగతో మన ఊరివాళ్లకి తెలిసిపోతుంది.

మొదటి దండం బజారులో ఐస్‌క్రీం షాపు భాయికి.

ఆ రాత్రి గాలి ఎలా వీచిందో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గ్రంథాలయం ముందు హాలు పాతకాలపు కట్టడం, గోడలు మందం, దానికేం కాలేదు. వెనక గదికి సిమెంటు రేకులు. రెండు రేకులు లేచిపోయి, మూడోది పగిలి, వాన తిన్నగా రెండు బీరువాల మీద పడింది. తెల్లారి చూసేసరికి కింది అరల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. కరెంటు లేదు, కాబట్టి ఫ్యాన్లూ లేవు. ఎండ మాత్రం తొమ్మిదింటికే మాడ్చేస్తోంది.

ఇలాంటప్పుడు ఎవరికైనా వెంటనే తోచేది పుస్తకాలన్నీ డాబా మీద ఎండలో పరిచెయ్యడమే. మా వీధి అమ్మాయి ఒకావిడ లైబ్రరీ సైన్స్ చదివి విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. సంగతి తెలిసి తనే ఫోన్ చేసి, ఎండలో పెట్టొద్దని గట్టిగా చెప్పింది. ఎండకి కాగితం వంకర్లు పోతుంది, పెళుసెక్కుతుంది. నీడలో గాలి తగిలేలా నిలబెట్టి, పేజీల మధ్య కాగితాలు పెట్టి, అవి తడవగానే మారుస్తూ ఉండాలి. అంటుకున్న పేజీలను లాగకూడదు. అసలు గండం బూజుదట. మన వైపు ఉక్కకి రెండు రోజులు దాటితే తడి పుస్తకానికి బూజు పట్టేస్తుంది, ఒకదానికి పట్టిందంటే పక్కవాటికీ అంటుతుంది. రెండు బీరువాల పుస్తకాలు, ఫ్యాన్ లేకుండా, రెండు రోజుల్లో ఆరే దారి లేదు. "అయితే వెంటనే ఆరబెట్టలేనివి ప్లాస్టిక్ కవర్లలో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి పిన్నీ. గడ్డకట్టిస్తే బూజు ఆగిపోతుంది, ఇంకు పాకడం కూడా ఆగుతుంది. తర్వాత కొన్ని కొన్నిగా తీసి ఆరబెట్టుకోవచ్చు" అంది.

మే నెలలో డీప్ ఫ్రీజర్ ఎవరిస్తారు? ఐస్‌క్రీం షాపు భాయి ఇచ్చాడు. ఆయనకి ఏడాదిలో నాలుగు డబ్బులు కనబడేది ఈ రెండు నెలలే. ఉన్న రెండింటిలో పెద్ద ఫ్రీజర్ ఖాళీ చేశాడు. అందులోని సరుకు కొంత చిన్నదానిలో సర్దాడు, మిగిలింది వీధిలో పిల్లలకు పంచేశాడు. "సరుకు మళ్లీ తెచ్చుకుంటాను మేడం, ముందు ఇవి పెట్టండి" అన్నాడు. షాపుకి జనరేటర్ ఉండబట్టి కరెంటు వచ్చేదాకా ఫ్రీజర్ ఆగలేదు. ఆ డీజిల్ డబ్బు ఇస్తామంటే తీసుకోలేదు. ఆయన ఇంట్లో తెలుగు చదివేవాళ్లు లేరు. మా గ్రంథాలయంలో ఆయనకి సభ్యత్వం కూడా లేదు. ఒడియా పేపర్ కోసం పొద్దున్నే వచ్చి ఒక పావుగంట కూర్చుని వెళ్తాడు, అంతే. ఇకమీదట ఆ పేపర్ ఒక్కరోజు కూడా తప్పకుండా వేయిస్తామని కమిటీలో అనుకున్నాం.

ఫ్రీజర్‌లో ఏవి పెట్టాలన్నది మాకు పెద్ద ప్రశ్న అయింది. అచ్చులో ఉన్న నవలలు మళ్లీ కొనుక్కోవచ్చు. కొనలేనివి ఒక అర నిండా ఉన్నాయి. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లను వారం వారం చింపి, దాచి, దారంతో కుట్టి, అట్ట వేసిన బైండ్లు అవి. మన ఇళ్లలో అమ్మలు, అమ్మమ్మలు చేసిన పని. ఈ వీధి పెద్దావిడ ఒకరు తన పెళ్లయిన దగ్గర్నుంచి కుట్టుకున్నవన్నీ మాకిచ్చి వెళ్లిపోయారు. ఆవిడ ఇప్పుడు లేరు. వాటిలో కొన్నింటికి పేజీల అంచున ఆవిడ చేతిరాతలో "ఇక్కడ ఒక వారం తప్పింది" అని ఉంటుంది. పత్రికల్లో పడి అక్కడే మరుగునపడిపోయే కథల విలువ ఏమిటో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథల కోసమే కథానిలయం అనే గ్రంథాలయం తెరిచి మన ప్రాంతం వాళ్లందరికీ చూపించారు. మాకు అంత శక్తి లేదు గానీ, ఉన్న అరను కాపాడుకోవడం మా బాధ్యతే. అందుకే ముందు ఆ బైండ్లు పెట్టాం, తర్వాత పిల్లల బొమ్మల పుస్తకాలు. ఆర్ట్ పేపర్ మీద అచ్చు వేసిన బొమ్మల పుస్తకాలు తడిసి ఆరితే పేజీలన్నీ అట్టలా అంటుకుపోతాయి. వాటిలో కొన్ని దక్కలేదు. బైండ్లు మాత్రం ఒక్కటి తప్ప అన్నీ దక్కాయి.

టార్పాలిన్లు ఇచ్చిన ఇళ్లవాళ్లకి దండాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక ఇక్కడ చాలా ఇళ్లలో ఒక టార్పాలిన్ మడతపెట్టి ఉంటుంది. అడక్కముందే తెచ్చేశారు. టెంట్ హౌస్ అబ్బాయిలు నిచ్చెన వేసి పైకెక్కి, మళ్లీ చినుకు పడేలోపు వెనక గదిని కప్పేశారు. ముందు హాల్లో బల్లలు జరిపి, తాళ్లు కట్టి, పల్చటి పుస్తకాలు తాడు మీద వేలాడదీశాం, లావువి నిలబెట్టాం. పేజీల మధ్య పెట్టడానికి పాత పేపర్లు వీధి వీధంతా మోసుకొచ్చింది. పచారీ కొట్టు మావయ్య పొట్లాలకని దాచుకున్న కట్టంతా ఇచ్చేశారు.

పేపర్లు మార్చే పని ఎంత విసుగో చేసినవాళ్లకే తెలుసు. పేజీ తిప్పడం, తడి కాగితం తియ్యడం, పొడిది పెట్టడం, మళ్లీ తిప్పడం. ఒక పుస్తకం అయ్యేసరికి మొదటిది మళ్లీ తడిసిపోయి ఉంటుంది. ఈ పని ఎక్కువగా చేసింది మధ్యాహ్నం పూట చదువుకోవడానికి వచ్చే ఆడవాళ్లు, రైల్వే, బ్యాంకు పరీక్షలకి చదువుకునే కుర్రాళ్లు. పరీక్ష దగ్గరపడిన టెన్షన్‌లో కూడా వాళ్లు పుస్తకం పక్కన పెట్టి కూర్చున్నారు. డబ్బు సాయం విలువైనదే, కాదనను. కానీ ఈ వేసవిలో మా గ్రంథాలయాన్ని నిలబెట్టింది ఇలా కూర్చుని చేసిన పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బైండింగ్ తాతయ్య చూపు మందగించినా మళ్లీ సూది పట్టారు. మైదా జిగురు తనే ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపారు. పక్కన ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని పని నేర్పారు. రిజిస్టర్ల సంగతి కూడా చెప్పాలి. పాత నమోదు రిజిస్టర్ సిరాతో రాసింది కావడంతో చాలా పేజీల్లో అక్షరాలు అలుక్కుపోయాయి. రిటైరైన గుమాస్తా గారొకరు బీరువాల ముందు స్టూలు వేసుకుని, ఒక్కో పుస్తకం తీసి చూస్తూ, మొత్తం కొత్తగా రాసి పెట్టారు. ఇంట్లో ఆరోగ్యం బాగోలేనివాళ్లు ఉన్నా వచ్చారు. ఆయనకి నేను ఎంత చెప్పినా తక్కువే.

గాలివానకి ముందు, తర్వాత కూడా వేసవి కార్యక్రమాలు ఆగలేదు. బళ్లకు ఖరా ఛుటి, అంటే వేసవి సెలవులు, ఇవ్వగానే మొదలుపెట్టాం. వాటికి తోడ్పడినవాళ్లు వేరే ఉన్నారు.

మా పిల్లల్లో ఎక్కువమంది ఒడియా మీడియం, కొందరు ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం రాదు. పొద్దున్న ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా వాళ్లకు తెలుగు అక్షరాలు చెప్పాం. ఒడియా వచ్చిన పిల్లలకి చెప్పడంలో ఒక వీలుంది, ఒక చిక్కూ ఉంది. క, ఖ, గ, ఘ వరస అంతా వాళ్లకి ముందే వచ్చు కాబట్టి ఆకారాలు చూపిస్తే చాలు. కానీ ఒడియాలో గుండ్రటి సున్నలా రాసేది ఠ. దాంతో తెలుగు సున్నను చూసి "ఠ" అని చదివేస్తారు. చెప్పడానికి వచ్చిన ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు ఈ సంగతి మొదటి వారంలోనే పట్టుకుని, ఇలా తడబడే అక్షరాలన్నింటికీ కార్డులు తయారుచేశారు. నెల తిరిగేసరికి పిల్లల్ని ఆంధ్రలోని పాతపట్నం బస్టాండుకి తీసుకెళ్లి బస్సుల బోర్డులు చదివించారు. టెక్కలి, పలాస, శ్రీకాకుళం. ప్రతి బోర్డు దగ్గరా ఆగి అరిచి మరీ చదివారట. ఓపిగ్గా నిలబడి, బస్సు కదిలించే ముందు ఇంకోసారి చదవమన్న కండక్టరు గారెవరో తెలియదు. ఆయనకి కూడా మా నమస్కారం.

గుమ్మ వైపు కొండ ఊరి నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకుని చదువుకుంటున్న సవర తెగ అమ్మాయి ఒక శనివారం కథ చెప్పింది. వాళ్ల అమ్మమ్మ దగ్గర విన్న కథ, ముందు సవరలో, తర్వాత ఒడియాలో. పిల్లలు అదే కథను తిరిగి తెలుగులో చెప్పారు. ఆ తర్వాత బోర్డు మీద సొరంగ్ సొంపెంగ్ అక్షరాలు రాసి చూపించింది. 1936లో మంగేయ్ గొమాంగో తమ భాష కోసం తయారుచేసిన లిపి అది. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో ఇదే ఊళ్లో రాజావారి బడిలో మాస్టారుగా చేరి, ఎవరూ పట్టించుకోని రోజుల్లో సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పించారు. ఆ ఊరి గ్రంథాలయంలో సవర కథ వినిపించడానికి మేము ఇంత కాలం తీసుకున్నామంటే నాకు బాధగానే ఉంది. ఆ అమ్మాయి మళ్లీ వస్తానంది. తన స్నేహితుల్ని కూడా తెస్తానంది. రమ్మని అందరి తరఫునా అడుగుతున్నాను.

వరండాలో చలివేంద్రం పెట్టిన కుటుంబానికి, రోజూ కుండలు కడిగి నింపిన మౌసికి కృతజ్ఞతలు. మంచినీళ్లతో పాటు వారంలో రెండు రోజులు చోడి అంబలి పోశారు. నీళ్లకని వచ్చిన రిక్షావాళ్లు, కూలిపనివాళ్లు హాల్లో నీడకి కూర్చున్నారు. కొంతమంది పేపర్ తిరగేశారు, కొంతమంది కునుకు తీశారు. నిద్రపోయేవాళ్లని లేపాలా అని ఒకరు అడిగారు. వద్దన్నాను. వడగాలి వీచే మధ్యాహ్నం చల్లటి గోడల మధ్య మనిషి కాసేపు పడుకోవడం గ్రంథాలయానికి తక్కువ పనేమీ కాదు.

విశాఖ నుంచి, శ్రీకాకుళం నుంచి పుస్తకాలు పంపినవాళ్లకి ఒక మాట. గునుపూర్ పాసింజర్‌లో మీరు ఎక్కించిన పెట్టెలన్నీ చేరాయి. దక్కకుండా పోయిన బొమ్మల పుస్తకాల బదులు అంతకన్నా మంచివే వచ్చాయి. ఇంకా పంపాలనుకునేవాళ్లు పాత పాఠ్యపుస్తకాలు, గైడ్లు కాకుండా, పెద్ద అక్షరాల పిల్లల కథలు, పత్రికల బైండ్లు పంపండి. బైండ్లు ఎంత పాతవైనా ఫర్వాలేదు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిది పుస్తకాలు వాడుకోవడానికే అని. ఈ వేసవిలో బీరువాల తాళాలు తీసేశాం, మళ్లీ వేయడం లేదు. మీరు పంపిన పుస్తకం ఎవరో ఒకరి చేతిలోకి వెళ్తుంది.

వచ్చిన డబ్బు, రేకులకి, జిగురుకి, దారానికి అయిన ఖర్చు నోటీసు బోర్డు మీద అంటించాం. ఎవరైనా చూడవచ్చు, రసీదులు కూడా అక్కడే ఫైల్లో ఉన్నాయి.

బళ్లు తెరిచారు కాబట్టి తెలుగు తరగతి ఇక ఆదివారం పొద్దున్న మాత్రమే ఉంటుంది. టార్పాలిన్లు కడిగి, ఆరబెట్టి, ఎవరివి వాళ్లకి పంపించేశాం. ఒక నీలం టార్పాలిన్, రెండు స్టీలు బకెట్లు, ఒక పెడెస్టల్ ఫ్యాను ఎవరివో తెలియక ఇంకా మా దగ్గరే ఉన్నాయి. ఫ్యాను మోటారు బాగు చేయించాం. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండి.