పేరు కోసం పని ఆపొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, బిజినెస్‌కి ఏం పేరు పెట్టమంటారు అని. రేటు ఎంత చెప్పాలి, అడ్వాన్స్ ఎలా అడగాలి, డబ్బు ఎగ్గొడితే ఏం చేయాలి, ఇవేవీ అడగరు. నేనూ అలాగే మొదలుపెట్టాను కాబట్టి వాళ్ల టెన్షన్ నాకు తెలుసు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తొమ్మిదేళ్ల క్రితం డిజైన్ పనిలోకి దిగినప్పుడు పేరు వెతకడానికి, లోగో గీసుకోవడానికి, వెబ్‌సైట్ తయారు చేసుకోవడానికి రెండు నెలలు పోయాయి, ఆ రెండు నెలల్లో ఒక్క క్లయింట్‌కి కూడా ఫోన్ చేయలేదు. చివరికి పెద్ద కంపెనీలా కనబడాలని 'సొల్యూషన్స్' తగిలించి ఒక పేరు పెట్టాను. కనబడింది కూడా. మొదటి పెద్ద క్లయింట్ నిజంగానే కంపెనీ అనుకుని రిజిస్ట్రేషన్ కాగితాలు పంపమన్నారు. నా దగ్గర ఏముంటాయి? బిల్లు మీద ఆ పేరు, బ్యాంకు ఖాతాకి నా పేరు, రెండూ కలవడం లేదని వాళ్ల అకౌంట్స్ వాళ్లు డబ్బు ఆపేశారు. అది చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది, అన్నాళ్లూ అప్పు చేసి నెట్టుకొచ్చాను. పేరు పెట్టుకున్నంత మాత్రాన కంపెనీ పుట్టదని, ఆ పేరు మీద చేసిన అప్పులన్నీ నా నెత్తినే ఉంటాయని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత వచ్చిన పనుల్లో చాలావరకు పాత క్లయింట్లు తెలిసినవాళ్లకి చెప్పగా వచ్చినవే. వాళ్లలో ఒక్కరు కూడా ఆ బిజినెస్ పేరు చెప్పలేదు, నా పేరూ ఫోన్ నంబరూ ఇచ్చారు. ఇప్పుడు నా బిల్లు మీద నా పేరు, దాని కింద చేసే పని, అంతే.

అలాగని వేరే పేరు ఎవరికీ వద్దనను. నలుగురిని పెట్టుకుని పని చేయించాలన్నా, ఎప్పుడైనా వ్యాపారం ఇంకొకరికి అమ్మాలన్నా సొంత పేరు అడ్డొస్తుంది. మీ పేరున్నవాళ్లే అదే రంగంలో ఇంకొందరు ఉన్నా వేరే పేరు కావాల్సిందే. అప్పుడు మాత్రం ఆ పేరుని ఫోన్‌లో ఎవరికైనా ఒక్కసారి చెప్పి, రాయమని చూడండి. అమెజాన్‌కి 1994లో మొదట పెట్టిన పేరు కడాబ్రా, ఫోన్‌లో విన్న లాయర్‌కి అది 'కడావర్', అంటే శవం అన్నట్టు వినబడింది, దాంతో మార్చుకున్నారు. ఒక్క పనికే ముడిపడే పేరూ వద్దు, పేరులో 'లోగో' అని పెట్టుకున్న నా స్నేహితుడు ఇప్పుడు యాప్‌లు డిజైన్ చేస్తున్నాడు, ప్రతి కొత్త క్లయింట్‌కీ ముందు అది వివరించుకోవాల్సి వస్తోంది.

డొమైన్, అంటే వెబ్‌సైట్ చిరునామా, దొరికింది కదా అని పేరు మనదైపోదు, ఆ పేరు మీద చట్టపరమైన హక్కు ఇచ్చే ట్రేడ్‌మార్క్ వేరు. ట్రేడ్‌మార్క్‌ల కోసం సరుకులనీ సేవలనీ విడదీసిన అంతర్జాతీయ వర్గీకరణలో మొత్తం 45 తరగతులుంటే 35 నుంచి 45 వరకు సేవలవి. మన పని ఏ తరగతిలోకి వస్తుందో చూసి, అందులో ఆ పేరు లేదా దానికి దగ్గరగా ఉండే పేరు ఇంకెవరైనా తీసుకున్నారేమో కార్డులు అచ్చువేయించక ముందే వెతుక్కోవాలి.

కెరీర్ పేజీలో పేర్ల గురించి చాలానే వేశారు. బిల్లు ఎలా రాయాలి, ఒప్పందంలో ఏమేం ఉండాలి, డబ్బు ఆగిపోతే ఎవరిని ఎలా అడగాలి, వీటి మీద కూడా ఒక వారం వేయండి. నాకు ఆ మొదటి ఏడాదిలో కావాల్సింది అదే.

ఇట్లు,
ఒక ఫ్రీలాన్స్ డిజైనర్