‘భారత సంతతి’ దగ్గరే ఆగితే ఎలా?

సంపాదకుల వారికి,

ఫిజీ ఫుట్‌బాలర్ రాయ్ కృష్ణ ప్రస్తావన వస్తే మన క్రీడా పేజీలు ‘భారత సంతతి’ అని రాసి ముగించేస్తున్నాయి. గిర్మిట్ వలసల్లో (బ్రిటిష్ కాలంలో ఒప్పంద కూలీలుగా ఫిజీకి వెళ్లినవారిలో) తెలుగువారూ ఉన్నారు కనుక ఆ మమకారం సహజమే. కానీ ఫిజీలోని లబాసా పట్టణపు కుర్రాడు మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) దాకా ఎలా వచ్చాడో కూడా చెప్పాలి కదా!

ఫిజీ లీగ్ మీద పెద్ద క్లబ్బుల కన్ను పడటం అరుదు. అందుకే దారి న్యూజిలాండ్ మీదుగా సాగింది: 2008లో వైటాకెరె యునైటెడ్, తర్వాత ఆక్లండ్ సిటీ. అప్పట్లో ఓషియానియా (న్యూజిలాండ్, పసిఫిక్ దీవుల ప్రాంతం) క్లబ్ విజేతకు ఏటా క్లబ్ వరల్డ్ కప్‌లో చోటుండేది. 2013 డిసెంబరులో మొరాకోలో రాజా కాసాబ్లాంకాపై కృష్ణ గోల్ కొట్టాడు. ఆక్లండ్ 2-1తో ఓడినా, కొద్ది వారాలకే వెల్లింగ్టన్ ఫీనిక్స్ అతన్ని తీసుకుంది. 2018-19లో 18 గోల్స్, ఆస్ట్రేలియా ఎ-లీగ్‌లో అత్యధిక గోల్స్‌కిచ్చే గోల్డెన్ బూట్. మరుసటి సీజన్లో ఐఎస్ఎల్‌లో కోల్‌కతా జట్టు ఏటీకే తరఫున 15 గోల్స్, టైటిల్.

దేశం జెర్సీ వేసుకుంటే లెక్క మారుతుంది. రియో ఒలింపిక్స్‌లో 23 ఏళ్లు దాటినవారు జట్టుకు ముగ్గురే ఉండాలి. ఫిజీ ముగ్గురిలో అతనొకడు. మెక్సికోపై 10వ నిమిషంలో అతని గోల్‌తో విరామానికి ఫిజీదే 1-0 ఆధిక్యం. రెండో సగంలో మెక్సికో వరుసగా ఐదు గోల్స్ కొట్టింది. ఎక్కువమంది అమెచ్యూర్లున్న జట్టుకు 90 నిమిషాల దమ్ము ఎక్కడిది? ఆ ఒలింపిక్స్‌లో ఫిజీకి దక్కిన గోల్ అదొక్కటే.

ఓషియానియాకు వరల్డ్ కప్‌లో నేరుగా ఒక చోటు దక్కింది 2026 నుంచే. ఇకపై ఆ క్వాలిఫయర్ల ఫలితాలకైనా రెండు వాక్యాలు కేటాయించగలరు.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం